ఖాళీ పని

లియావ్ పేయిజెన్ రాసినవి ఎవరూ చదవరు. ఆ సంగతి ఆమెకు తెలుసు, దానికి బాధపడే వయసు కూడా దాటిపోయింది. కట్టడాల పనులకు షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది వాళ్ళ కంపెనీ, తైచుంగ్ నగరంలో. దాన్ని ఎలా వాడాలో రాయడం ఆమె ఉద్యోగం. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో బొమ్మలు వేసి, బాణాలు గీసి రాస్తుంది. సైటువాళ్ళు ఆ పేజీ తెరవకుండానే ఫోన్ చేసి "ఇదెట్లా చెయ్యాలండీ?" అంటారు. ఆమె ఆ పేజీనే ముందు పెట్టుకుని చదివి వినిపిస్తుంది. "ఇంత వివరంగా ఎక్కడైనా రాసిపెట్టొచ్చు కదా" అని సలహా కూడా ఇస్తారు కొందరు.

ఈ ఏడాది ఆమెకు ఒక చదువరి దొరికాడు. సాఫ్ట్‌వేర్‌లో ఏఐ ఏజెంట్‌ను పెట్టారు. "ఇనుము పని రెండ్రోజులు వెనక్కి జరుపు" అని మామూలు మాటల్లో చెబితే చాలు, ఏజెంటే షెడ్యూల్ మార్చేస్తాడు. అందుకని అతని చేతికి కొన్ని టూల్స్ ఇచ్చారు. పని చేర్చేది ఒకటి, తేదీ మార్చేది ఒకటి, పని తొలగించేది ఒకటి. ఏ టూల్ ఎందుకు, ఎప్పుడు వాడాలి అన్నది నాలుగు వాక్యాల్లో రాసిపెట్టాలి. ఆ వాక్యాలు మనుషుల కంటపడవు. ఏజెంట్ ఒక్కడే చదువుతాడు. ప్రతిసారీ మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదువుతాడు, చదివినదాన్ని నమ్ముతాడు. ఇన్నేళ్ళకు తన రాతకు విలువ వచ్చిందని పేయిజెన్ మురిసిపోయింది. నమ్మేవాడికి రాయడం ఎంత బరువో అప్పటికింకా తెలియదు.

ఏడో నెల పున్నమి వెళ్ళిన మర్నాడు మేనేజర్ జియెన్ బోయూ పాల టీ గ్లాసుతో ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. ఆమెకన్నా పదేళ్ళు చిన్నవాడు, అక్కా అనే పిలుస్తాడు.

"అక్కా, ఒక జవాబు రాసిపెట్టాలి. నాన్‌టున్ సైటువాళ్ళు గొడవ చేస్తున్నారు."

"ఏమైందంట?"

"నిన్న వాళ్ళకి అన్నల భోజనం ఉండాల్సింది. షెడ్యూల్‌లోంచి ఆ పని మాయమైంది. మధ్యాహ్నం ఖాళీగా కనబడేసరికి కాంక్రీట్ లారీలు పిలిచారు. లారీలు వచ్చాయి, కూలీలు గేటు దాటి లోపలికి అడుగెయ్యలేదు."

ఎందుకు వేస్తారు? ఏడో నెలంటే దయ్యాలు లోకంలోకి వచ్చి తిరిగే నెల, ఆ నెలంతా దయ్యమన్న మాట ఎవరూ నోటితో అనరు. అన్నలంటారు. దిక్కూ మొక్కూ లేకుండా తిరిగే ఆ అన్నలకు పున్నమినాడు బల్లలు వేసి భోజనం పెట్టకుండా, నేలను లోతుగా తవ్విన గుంతలోకి దిగమంటే ఎవడు దిగుతాడు? పేయిజెన్ కంపెనీ కూడా నిన్న సాయంత్రం మెట్ల ముందు బల్ల వేసి నూడుల్స్ పెట్టెలు పేర్చింది. అగరొత్తులు పట్టుకుని అందరికన్నా ముందు నిలబడింది ఈ బోయూనే.

"మరి ఎవరు తీసేశారు?"

"రికార్డులో పేరు స్పష్టంగా ఉంది. హోంగ్ లిచింగ్. సైటాఫీసు గుమస్తా. ఆవిడ లాగిన్ నుంచే 'షెడ్యూల్ శుభ్రం చెయ్యి' అని ఏజెంట్‌కి చెప్పారు. ఆవిడ చెప్పింది, వాడు చేశాడు. మన తప్పేం లేదు. మర్యాదగా రెండు ముక్కలు రాసెయ్యి."

బోయూ వెళ్ళాక పేయిజెన్ వెంటనే రాయలేదు. ఉత్తుత్తి షెడ్యూల్ ఒకటి తయారుచేసింది. గుంత తవ్వకం, ఇనుము కట్టడం, చెక్కల బిగింపు, కాంక్రీట్ పోత వరసగా వేసి, మధ్యలో 'అన్నలకు భోజనం' అని ఒక పని పెట్టింది. నాన్‌టున్ వాళ్ళ షెడ్యూల్‌లో ఉన్నట్టే వ్యవధి దగ్గర సున్నా వేసి, బాధ్యుల గడి ఖాళీగా వదిలింది. తర్వాత ఏజెంట్‌తో అంది, "షెడ్యూల్ కొంచెం శుభ్రం చెయ్యి."

కనురెప్ప వేసేలోగా ఆ వరస మాయమైంది. "ఒక ఖాళీ పనిని తొలగించాను. ఇంకేమైనా సాయం కావాలా?" అన్నాడు ఏజెంట్.

ఆమె తొలగింపు టూల్ వివరణ తెరిచింది. తను రాసిందే. 'ఇక అవసరం లేని పనిని షెడ్యూల్ నుంచి తొలగిస్తుంది. ఉదాహరణకు, వ్యవధి సున్నాగా ఉండి ఎవరికీ అప్పగించని ఖాళీ పనులు.' ఆ రెండో వాక్యం రాసినరోజు ఆమెకు గుర్తుంది. మొదటి వాక్యం మరీ బోడిగా ఉందనిపించి, ఊరికే, అర్థమవడానికని చేర్చింది. మనిషైతే ఉదాహరణను ఉదాహరణగా చదివి మరిచిపోతాడు. వీడు దాన్ని ఆజ్ఞలా నెత్తిన పెట్టుకున్నాడు. ఆ రెండో వాక్యం తీసేసి మళ్ళీ శుభ్రం చెయ్యమంది. ఈసారి అన్నల భోజనాన్ని ముట్టుకోలేదు. వాక్యం తిరిగి పెట్టింది. మళ్ళీ మాయం.

పేయిజెన్ తెర ముందునుంచి కుర్చీ వెనక్కి జరిపింది. లేచి మంచినీళ్ళు తాగి వచ్చి, మళ్ళీ అదే వాక్యం చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఆమె నాన్‌టున్ సైటుకు వెళ్ళింది. షెడ్యూల్‌లో ఆ పనిని అలా ఎందుకు పెట్టారో కనుక్కోవడానికని బోయూతో చెప్పింది. అది నిజమే. రికార్డులో ఉన్న ఆ పేరుగల మనిషిని చూడాలని ఉందన్నది మాత్రం చెప్పలేదు.

సైటాఫీసు ఒక రేకుల డబ్బా. హోంగ్ లిచింగ్ మోచేతుల దాకా పూల తొడుగులు వేసుకుని, బల్ల మీద అన్నలకు డబ్బుగా కాల్చే బంగారు కాగితాలు గుట్టగా పోసి, ఒక్కోటి మధ్యకు మడిచి అంచులు లోపలికి దోపుతోంది. యాభై దాటిన మనిషి. వేళ్ళు వాటంతట అవే పనిచేస్తున్నాయి, కళ్ళు వచ్చినవాళ్ళ మీదే ఉన్నాయి.

"కంపెనీ నుంచా? కూర్చో చెల్లీ. ఆ హెల్మెట్ పక్కన పెట్టు. చేతులు ఖాళీగా ఉంటే నువ్వూ నాలుగు మడువు. ఎల్లుండి మళ్ళీ పెడుతున్నాం భోజనం, ఆలస్యానికి రెట్టింపు కాగితం కాల్చాలంటున్నారు."

పేయిజెన్ కూర్చుని మడవడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు నాయనమ్మ నేర్పినదే, చేతులు మరిచిపోలేదు.

"అక్కా, ఆ పనికి బాధ్యులెవరో రాయలేదేం?"

లిచింగ్ నవ్వింది. "అన్నల పక్కన ఎవరి పేరు రాస్తారమ్మా? రాస్తే ఆ మనిషిని వాళ్ళకి అప్పగించినట్టే. ఒకసారి కొత్తగా వచ్చిన ఇంజనీరు తన పేరు రాసుకున్నాడు. వాళ్ళమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి ఏడ్చింది."

"వ్యవధి కూడా సున్నా పెట్టారు."

"వాళ్ళు ఎంతసేపు తింటారో మనకెట్లా తెలుస్తుంది? అగరొత్తి కాలినంతసేపు. త్వరగా కానివ్వండని అంటామా?"

పేయిజెన్ తల వంచుకుని కాగితం అంచు గోటితో రుద్దింది. ఖాళీ పనట. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన తనకు, ఏటా ఈ కాగితాలు మడిచిన తనకు, ఆ వాక్యం రాసేటప్పుడు ఇది తట్టనే లేదు.

"ఆ 'శుభ్రం చెయ్యి' అన్న మాట మీరు చెప్పిందేనా?"

"నేనారోజు లేను. అమ్మకి కంటి ఆపరేషన్, ఆస్పత్రిలో ఉన్నా. ఈ సైటుకి ఒక్క లాగినే కొన్నారు, అది నా పేరున ఉంది. గుంతలో వాడి దగ్గర్నుంచి పైన ఉన్నాయన దాకా అందరూ నేనే." ఆమె గడ్డంతో కంప్యూటర్ వైపు చూపించింది. తెర అంచుకు పాస్‌వర్డ్ రాసిన పసుపు చీటీ అతికించి ఉంది.

"మరెవరు చెప్పారు?"

లిచింగ్ ఒక కాగితం మడిచింది, ఇంకోటి తీసుకుంది. "నాకు తెలుసు. పేరు చెబితే ఆయన కాదంటాడు. ఇప్పుడు తప్పు చేసినదాన్ని. అప్పుడు అబద్ధాలకోరుని కూడా అవుతాను."

ఆయనెవరో పేయిజెన్ అడగలేదు. సరిగ్గా అప్పుడే సైటు చీఫ్ త్సెంగ్ తలుపు తీసి, కంపెనీ మనిషని తెలిసి తల ఊపి, "లిచింగ్, ఎల్లుండి ముందు వరసలో నువ్వే నిలబడాలి, గుర్తుంది కదా" అనేసి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు కంకర మీద త్వరత్వరగా దూరమైంది.

"ముందు వరసలో ఎందుకు?"

"కూలీలు పట్టుబట్టారు. తప్పు చేసినవాళ్ళు అన్నల ముందు ఒప్పుకుంటేనే గుంతలో దిగుతామన్నారు. పేరు, ఇల్లు, పుట్టినరోజు చెప్పి క్షమించమనాలి. నాణేలు వేసి అన్నలు సరే అనేదాకా అడగాలి."

"ఈ నెలలోనా? వాళ్ళ ముందు పేరు చెప్పాలా?"

"ఈ నెలలోనే."

పేయిజెన్ మడుస్తున్న కాగితం బల్ల మీద పెట్టేసింది. చీకటిపడ్డాక కన్నపిల్లల్ని కూడా పూర్తి పేరుతో పిలవని నెల ఇది.

"నేనొప్పుకుంటే, ఒప్పుకుందని హెడ్డాఫీసుకి రాస్తారు. నెలాఖరుకి మాన్పిస్తారు," అంది లిచింగ్. "ఒప్పుకోకపోతే పని ఆగిపోయిందని అసలు ఇవాళే మాన్పిస్తారు. అమ్మకి రెండో కన్ను కూడా చేయించాలి." గొంతు మామూలుగానే ఉంది. మడిచిన కాగితం మాత్రం వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ మడిచింది.

ఆ వాక్యం నేనే రాశానక్కా అన్న మాట పేయిజెన్ నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. బస్సెక్కి కూర్చున్నాక తనమీద తనకే అసహ్యం వేసింది.

మరుసటిరోజు ఉదయమంతా ఆమె ఆ వివరణ తిరగరాసింది. ఉదాహరణ కొట్టేసింది. 'ఈ టూల్ పనిని శాశ్వతంగా తొలగిస్తుంది. తిరిగి తేలేము' అని మొదట రాసింది. ఏజెంట్‌కు ఇచ్చి శుభ్రం చెయ్యమంటే, ఈసారి ఏదీ ముట్టుకోకుండా భయపడి కూర్చున్నాడు. 'శుభ్రం చెయ్యమని చెప్పినంత మాత్రాన తొలగించమని కాదు' అని చేర్చింది. 'వ్యవధి లేకపోయినా, బాధ్యులు లేకపోయినా ఆ పని ముఖ్యమైనదే కావచ్చు. తొలగించే ముందు ఆ పని పేరు చూపించి, మనిషిని అడిగి, అవునంటేనే తొలగించు.' మళ్ళీ ఇచ్చింది. "అన్నలకు భోజనం అనే పని ఉంది. దీన్ని తొలగించమంటారా?" అని అడిగాడు. పేయిజెన్ "వద్దు" అని టైపు చేసి కుర్చీలో వెనక్కి వాలింది.

కొత్త వివరణ బోయూకు నచ్చింది. "బావుందక్కా, ఇవాళే పెట్టేద్దాం. మరి నాన్‌టున్ జవాబు?"

"మన వివరణలో తప్పుందని రాస్తాను. ఆవిడ లాగిన్ అందరూ వాడతారు, ఆవిడ ఆరోజు సైటులోనే లేదు."

బోయూ టీ గ్లాసులో గొట్టాన్ని గిరగిరా తిప్పాడు. "తప్పుందని రాస్తే లారీల ఖర్చు మన నెత్తిమీద పడుద్ది. లాగిన్ పంచుకోవడం వాళ్ళ తప్పు. రికార్డులో ఏముందో అంతే రాద్దాం. అబద్ధం కాదుగా?"

"అబద్ధం కాదు. కానీ నిజం కూడా కాదుగా తమ్ముడూ."

"అక్కా, నువ్వు రాయకపోతే ఇబ్బంది నీకే. పై వాళ్ళు ముందే అడుగుతున్నారు, రాతపనికి ఇంకా మనిషి ఎందుకని."

"నేను రాయను."

బోయూ కోప్పడలేదు. అతను చెడ్డవాడు కాదు, నెత్తిన బరువు ఉన్నవాడు. ఆమె ఎదుటే తన ఫోన్‌లో ఏజెంట్‌తో రెండు ముక్కలు చెప్పాడు. జవాబు తయారైంది. అసౌకర్యానికి చింతిస్తున్నామని, రికార్డు ప్రకారం శ్రీమతి హోంగ్ లిచింగ్ సూచన మేరకే పని తొలగించబడిందని, ఎక్కడా ఒక్క తప్పు లేకుండా, ఎంతో మర్యాదగా ఉంది. బోయూ పంపించేశాడు. "సారీ అక్కా" అని కూడా అన్నాడు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ మటుకు అందరి పిడికిళ్ళూ ఒక్క మనిషి చెంగులోనే పోశారు. పేయిజెన్ మరునాటికి సెలవు పెట్టింది.

సైటు గేటు దగ్గర బల్లలు బయటివైపు తిరిగి ఉన్నాయి. నూడుల్స్ పెట్టెలు, బీరు డబ్బాలు, ఉడికించిన కోడి, బియ్యం సంచులు. ప్రతిదాని మీదా ఒక అగరొత్తి గుచ్చి ఉంది. అన్నలు ముఖం కడుక్కోవడానికి పక్కన ఒక బేసిన్‌లో నీళ్ళు, కొత్త తువ్వాలు. కూలీలు టోపీలు తీసి గుంపుగా నిలబడ్డారు. వాళ్ళకు పెద్ద ఇనుము మేస్త్రీ అకున్ మామ, డెబ్బైకి దగ్గర పడినవాడు, రెండు పది డాలర్ల నాణేలు అరచేతిలో పెట్టుకుని తిప్పుతున్నాడు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే అన్నలు ఒప్పుకున్నట్టు. రెండూ ఒకేలా పడితే లేదు.

చీఫ్ త్సెంగ్ పక్కగా, నీడలో నిలబడి మాటిమాటికీ మెడ తుడుచుకుంటున్నాడు. లిచింగ్ మొహం తెల్లకాగితంలా ఉంది. రెండడుగులు ముందుకు వేసింది.

"అక్కా, ఉండు," అంది పేయిజెన్. ఆమె చేతిలోంచి అగరొత్తులు తీసుకుంది. "మామా, తప్పు నాది. నన్ను చెప్పనివ్వు."

అకున్ మామ ఆమెను కిందనుంచి పైదాకా చూశాడు. "నువ్వెవరమ్మా?"

"సాఫ్ట్‌వేర్ కంపెనీలో రాసే మనిషిని."

"అయితే అన్నలతో చెప్పు. నాతో ఎందుకు?"

పేయిజెన్ బల్లల వైపు తిరిగింది. పొగకు కళ్ళు మండుతున్నాయి. "నా పేరు లియావ్ పేయిజెన్," అంది. సొంత పేరే ఇంకెవరిదో లాగా వినిపించింది. బెయ్‌టున్‌లో తన ఇల్లెక్కడో చెప్పింది, పుట్టినరోజు చెప్పింది. "ఎవరి పేరూ లేని పని, సమయం లేని పని ఖాళీ పనని యంత్రానికి రాసింది నేను. అది నా మాట నమ్మి మీ భోజనం తీసేసింది. లిచింగ్ అక్క ఆరోజు ఇక్కడ లేదు. క్షమించండి."

అకున్ మామ నాణేలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని వేసింది. అవి సిమెంటు మీద గలగలమని దొర్లి ఆగగానే ముసలాయన వంగి, అరచేత్తో కప్పి ఏరుకున్నాడు.

"ఒప్పుకోలేదు," అన్నాడు.

గుంపులో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఆమె మళ్ళీ వేసింది. ఆయన మళ్ళీ వంగాడు.

"ఒప్పుకోలేదు. చెప్పాల్సింది ఇంకా ఏదో మిగిలినట్టుంది." అకున్ మామ గొంతులో తొందర లేదు. నడుం పట్టుకుని నిటారుగా నిలబడి, ఎవరివైపూ చూడకుండా, నాణేలు చొక్కాకు తుడిచాడు. కూలీలూ ఎవరివైపూ చూడలేదు. గేటు బయట కాంక్రీట్ లారీ కడుపు గరగరా తిరుగుతూనే ఉంది.

లిచింగ్ మళ్ళీ ముందుకొచ్చింది. "నేనే చెబుతాను మామా," అంది నీరసంగా. "నా పేరు హోంగ్..."

"ఆగు."

త్సెంగ్ నీడలోంచి బయటికొచ్చాడు. హెల్మెట్ తీశాడు. జుట్టు చెమటకు తలకు అంటుకుపోయి ఉంది. పేయిజెన్ పక్కన నిలబడి ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పాలి చీఫ్‌గారూ," అన్నాడు అకున్ మామ మర్యాదగా. "అన్నలు బల్ల చివరిదాకా కూర్చున్నారు."

"నా పేరు త్సెంగ్ వెన్‌ఫు." ఇల్లు చెప్పాడు, పుట్టినరోజు చెప్పాడు. "షెడ్యూల్ శుభ్రం చెయ్యమన్నది నేను. లిచింగ్ కుర్చీలో కూర్చుని, లిచింగ్ లాగిన్‌తో చెప్పాను. భోజనం పోయిందని అప్పుడు చూసుకోలేదు. తర్వాత తెలిసింది. తెలిసి కూడా నోరు మూసుకున్నాను."

త్సెంగ్ వేసిన నాణేలు నేల మీద పడ్డాయి. ఈసారి ముసలాయన నిదానంగా వంగాడు, ఎవరైనా చూడొచ్చన్నట్టు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు.

"సరేనన్నారు," అన్నాడు. "తిననివ్వండి."

అగరొత్తులు కాలిపోయేదాకా అందరూ నేల మీద కూర్చున్నారు. ఆ తర్వాత కాగితాలు ఇనుప పీపాలో వేసి కాల్చారు. కూలీలు బీరు డబ్బాలు పంచుకున్నారు. నలభైమంది విన్న మాట ఇక హెడ్డాఫీసుకు వేరేగా రాయడం ఎవరి తరమూ కాదు. త్సెంగ్ రేకుల డబ్బాలోకి వెళ్ళి ఫోన్‌లో పెద్దవాళ్ళతో మాట్లాడుతున్నాడు, కిటికీలోంచి ఆయన తల పదేపదే వంగడం కనిపిస్తోంది. రేపు బోయూ ఏమంటాడో పేయిజెన్‌కు తెలియదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో కూడా తెలియదు. ఒక్కటే ఆమె మనసులో ములుకులా గుచ్చుకుంటోంది.

లిచింగ్ ఒక సంచిలో నూడుల్స్, బిస్కెట్లు సర్ది ఆమె చేతికిచ్చింది. "ఇంటికి తీసుకుపో. అన్నలు తిన్నది తింటే మంచిది."

"నన్ను ఒప్పుకోలేదుగా వాళ్ళు," అంది పేయిజెన్. "రెండుసార్లూ."

లిచింగ్ అటూ ఇటూ చూసింది. దగ్గరికొచ్చి సంచి ముడి బిగిస్తున్నట్టు వంగింది.

"నేను పక్కనే ఉన్నా, కళ్ళారా చూశా. నువ్వు వేసినప్పుడు మొదటిసారే ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడింది."

పేయిజెన్ అకున్ మామ కోసం చుట్టూ చూసింది. పీపాలో కాగితాల బూడిద ఇంకా ఎర్రగా ఉంది.

"మరి అకున్ మామ... అన్నల మాట మార్చి చెప్పడానికి భయం వెయ్యలేదా?"

"నేనూ అదే అడిగాను," అంది లిచింగ్. "'అన్నలు ఇంకాసేపు ఆకలికి ఆగగలరు. చీఫ్‌గారి నోరు ఇవాళ తెరుచుకోకపోతే ఇంక తెరుచుకోదు' అన్నాడు."